గేట్లు ఎత్తారు

శనివారం రాత్రి పదకొండున్నర.
చాదర్‌ఘాట్ వంతెన పక్క సందు,
సందు చివర రేకుల కప్పు మందిరం,
వెనక గదిలో నేను,
రేపటి ప్రసంగం ముందేసుకుని
పెన్ను మూత తీస్తూ, పెడుతూ.

పొద్దున కోశాధికారి రత్నాకరం గారొచ్చారు.
ఫ్లాస్కులో ఇరానీ చాయ్,
పొట్లంలో ఉస్మానియా బిస్కెట్లు.
"వారమంతా దెబ్బలు తిని వస్తారయ్యగారూ జనం.
ఆదివారం కూడా తీర్పేనా?
కాస్త ఆశీర్వాదం మీద చెప్పండి."
ఆయన ఫైనాన్సుకి నెలకి నూటికి పది కట్టే ఆడవాళ్లు
మా సంఘంలోనే పద్నాలుగు మంది.
కొత్త మైకుసెట్టు ఆయన ఇచ్చిందే.
బిస్కెట్ చాయ్‌లో మెత్తబడింది.
నేనూ.

"తీర్పు" అని ఉన్నచోట "పరీక్ష" అని దిద్దాను.
"అగ్ని"ని "వెలుగు" చేశాను.
ఇరవై రెండేళ్లుగా చేయి తిరిగిన పని:
చీటీలో మందు పేరు కొట్టేసి
పంచదార అని రాయడం.

అప్పుడు వినిపించింది బల్దియా ఆటో.
"హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన్రు...
మూసీ ఒడ్డుకున్నోళ్లు ఖాళీ చెయ్యాలె...
పానీ ఆ రహా హై, ఘర్ ఖాలీ కరో..."
బొంగురుపోయిన గొంతు.
మేడ మీంచి ఎవరో కసిరారు:
"పిల్లలు పండుకున్నరు, సప్పుడు తగ్గియ్యి!"
వాన ఆగి గంటయింది. చుక్కలు కూడా ఉన్నాయి.
నది నిన్నటిలాగే సన్నగా, నల్లగా.
ఎవరు నమ్ముతారు?

బయటికెళ్లి అడిగాను.
"ఎన్ని గేట్లు మొగులయ్యా?"
"రెండు సార్. ఇంక రెండు ఎత్తుతరట."
"హడలిపోతారు. ఒకటే అని చెప్పరాదూ?"
వింతగా చూశాడు నా వైపు.
"నేను తగ్గించి చెప్తే నీళ్లు తగ్గుతయా సార్?
పైకెళ్లి ఏ మాటొస్తే గా మాటే చెప్పాలె."
ఆటో కదులుతుండగా మళ్లీ అన్నాడు:
"గా చివరిల్లు మా అక్కది. గందుకే గొంతు పోయింది."

రోడ్డు మీద నిలబడిపోయాను.
బెంజిమన్ గుర్తొచ్చాడు.
కంట్రాక్టరు. రెండో వరసలో కూర్చునేవాడు.
ఒడిశా కూలీల ఆర్నెల్ల జీతం ఎగ్గొట్టి
క్రిస్మస్‌కి మందిరమంతా దీపాలు కట్టించాడు.
ఐసీయూలో నా చేయి పట్టుకుని అడిగాడు:
"ఆయన ముందు నాకేం భయం లేదు కదా అయ్యగారూ?"
చేయి నిమిరాను.
ఒక పాట పాడాను.
తెల్లారేసరికి పోయాడు.
ఆ చెమట ఇంకా నా అరచేతిలో ఉంది.

తీర్పు దినం అనుకున్నప్పుడల్లా
వరసలో బెంజిమన్‌నే చూశాను, రత్నాకరాన్నే చూశాను.
ఈ రాత్రి ఆ వరసలో మొదట నేనున్నాను.
ఎంతమంది వచ్చారని అడగడాయన.
చెప్పావా అని అడుగుతాడు.
అడిగే ఆ చేతిలో మేకు గాయం ఉంటుంది.
అది దాచి తీర్పు చెప్పినా
నేను అబద్ధికుణ్ణే.

రెండింటికి నీళ్లు మూడో మెట్టెక్కాయి.
సౌభాగ్యమ్మ కుట్టుమిషను నేనో పక్క, ఆమె కొడుకో పక్క.
కానుకపెట్టె ఎవరో నెత్తిన పెట్టుకున్నారు.
మైకుసెట్టు మునిగింది.
ప్రసంగం కాగితాలు కూడా. దిద్దుబాట్లతో సహా.

ఆరాధన సర్కారు బడి మేడ మీద.
తడి చాపలు, బ్రెడ్డు ప్యాకెట్లు, ఏడ్చే పిల్లలు.
ఒక మూల మొగులయ్య అక్క, కోడిని ఒళ్లో పెట్టుకుని.
రత్నాకరం గారు చీలమండల దాకా బురదతో
గోడకానుకుని కూర్చున్నారు.
ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది.
ఆ జాలి వల్లే నోరు తెరిచాను.

"తీర్పు" అన్నాను.
రాత్రంతా అరిచిన గొంతు, సగమే పలికింది.
ఆయన తల వంచి తన పాదాలు చూసుకుంటున్నారు.

వెనక చాప మీంచి సౌభాగ్యమ్మ లేచి నిలబడింది:
"ఇనబడ్తలేదయ్యగారూ.
జర గట్టిగ చెప్పుండ్రి."